ఎదుట నిలిచి నవ్వించువాడు

ఒంగోలునుండి పడమరగా పొదిలికి పోవు మార్గమున చీమకుర్తి ఉన్నది. ఆ ఊరి పేరు నేడు రాతి వ్యాపారము చేయు పరదేశములలో సైతము వినబడును. అచ్చటి గనులలో దొరకు నల్లరాతియందు బంగారు వన్నె చుక్కలు మెరయుచుండును. దానిని గెలాక్సీ గ్రానైటు అందురు. చుట్టుపట్ల పల్లెలలో మిరప, పొగాకు, ప్రత్తి పండించు రైతులున్నారు. నాటకప్రియులకు మాత్రము చీమకుర్తి అనగానే హరిశ్చంద్ర పాత్రలో పేరొందిన చీమకుర్తి నాగేశ్వరరావుగారు జ్ఞప్తికి వత్తురు.

కొన్ని ఏండ్ల క్రిందట మేము ఒక పనిమీద ఆ ఊరికి పోయి, తిరుగు బస్సుకొరకు బజారులో నిలిచియుండగా, ఒక పిట్టలదొర వచ్చెను. మోకాళ్లకు దిగని ఖాకీ లాగు, మోచేతివద్ద చినిగిన కోటు, తలపై దొరటోపి, భుజముపై కొయ్య తుపాకి, బొగ్గుతో దిద్దిన మీసము. రంగస్థలము లేదు, తెర లేదు, ప్రక్కన తాళము వేయువాడైనను లేడు. టీకొట్టు ముందు నిలిచి, తుపాకి నేలకు ఆనించి, చుట్టునున్న వారిని ఒక్కొక్కరినే పరకాయించి చూచెను. ఆ చూపుతోనే పదిమంది గుమిగూడిరి.

మొదట కోతలు కోసెను. “మాకు ముప్పై లారీలున్నాయండీ! ముప్పైటికీ టైర్లే లేవు. మా చేలో మిరపచెట్టు తాటిచెట్టంత! కాయ కోయడానికి కూలీలు నిచ్చెనేసుకుని ఎక్కారు. పోయిన సంక్రాంతికి ఎక్కినోళ్లు ఇంకా దిగలేదు.” జనము నవ్విరి. పిదప వాడు మాట మార్చెను. గొంతు తగ్గించి, రాయి కొనవచ్చిన బేరగాని నడకను, చేయి వెనుకకు కట్టుకొని రాతిచుట్టు తిరుగు తీరును, ముందుకు వంగి నీళ్లు చల్లుమని సైగచేయు విధమును కన్నులకు కట్టినట్లు చూపెను. “రాయి కొనే దొర నీళ్లు చల్లించి చుక్కలు చూస్తాడండీ. రాయి కొట్టేవోడికి నీళ్లక్కర్లా. పగలే చుక్కలు కనపడతాయి.”

ఈ మాటకు వెంటనే ఎవరును నవ్వలేదు. గుంపులో తెల్లని బట్టలు ధరించిన పెద్దమనిషి ఒకరు నిలిచియుండిరి. అందరి చూపులును క్షణకాలము వారి ముఖముమీదికి పోయినవి. వారు ఒక నిముసము ఊరకుండి, తరువాత బిగ్గరగా నవ్విరి. అప్పుడు బజారంతయు నవ్వెను.

ఆ చిన్న నిశ్శబ్దము మమ్ములను చాలకాలము వెంటాడినది. ఒంటరిగా నిలిచి, తాను చూచినదానిని చూచినట్లు చెప్పి నవ్వించు విద్యను నేడు పట్టణములలో స్టాండప్ కామెడీ అని పిలుచుచున్నారు. హైదరాబాదులో టిక్కెట్టు పెట్టి ఈ ప్రదర్శనములను జరుపుచున్నారు. పేరు క్రొత్తది, విద్య మాత్రము మనకు క్రొత్తది కాదు. అంతకంటె పాతది ఇంకొకటి కలదు: నవ్వుటకు ముందు జనము ఎవరి ముఖము చూచుదురను ప్రశ్న. ఈ విద్యయొక్క చరిత్రయంతయు ఒక విధముగా ఆ ప్రశ్నకు వచ్చిన సమాధానముల చరిత్రయే.

నాట్యశాస్త్రము చివర ఒక కథ కలదు. భరతముని కుమారులు నాట్యవిద్యలో ఆరితేరి, గర్వించి, ఋషులను వెక్కిరించుచు ప్రహసనములు ఆడిరి. ఋషులు కోపించి, వారి కులము హీనమగునట్లు శపించిరి. ఈ కథ నిజముగా జరిగినదా అని అడుగ పనిలేదు. నటునికి సంఘములో తక్కువ స్థానము ఎందుకు వచ్చినదని అడిగినవారికి, పెద్దలను చూచి నవ్వినందుకని ఆనాటివారు చెప్పుకొన్న సమాధానమది. పరిహాసమునకు శిక్ష యుండునని మన నాట్యగ్రంథమే ఒప్పుకొన్నదన్నమాట.

తెలుగునాట బహురూపులు, అనగా పలు వేషములు ధరించి ఆడువారు, ఎంతో కాలమునుండి ఉన్నారు. 13వ శతాబ్దివాడగు పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో శ్రీశైలమున శివరాత్రినాడు జరుగు ఆటపాటలను వర్ణించుచు బహురూపములను, బొమ్మలాటలను పేర్కొనెను. వీరి వారసులే పగటివేషధారులు. వీరు ఊరిలో పలుదినములు బసచేయుదురు. దినమునకొక వేషము: ఒకనాడు సోమయాజి సోమిదేవమ్మ, ఒకనాడు ఫకీరు, ఒకనాడు కోమటి, ఒకనాడు ఎరుకత. వీధిలోనికి నడచి వచ్చి, ఇంటి అరుగుమీదనే ఆటను నడపుదురు. నిజమైన అప్పులవాడే వచ్చినాడని తలచి తలుపు వేసికొనిన గృహస్థుల కథలు మన పల్లెలలో నేటికిని చెప్పుకొందురు. తుదినాడు వేషములు విడిచి, ఇంటింటికి పోయి, ఇచ్చినంత పుచ్చుకొని వెడలిపోవుదురు.

ఈ పద్ధతిలో ఒక సూక్ష్మమున్నది. వేషధారి ఊరిని చూచుటకు అన్ని దినములు చాలును. కరణముగారు సులోచనములు ఎట్లు పైకెత్తుదురో, వడ్డీ లెక్కించు షావుకారు వ్రేలిని ఎట్లు తడి చేసికొనునో, అత్తగారు నీళ్లబిందె దించి కోడలిని ఎట్లు చూచునో వాడు మొదటినాడు గమనించి నాల్గవనాడు చూపును. ఊరివారు వానిని ఆటగాడని చూచుచుందురు. వాడు ఊరినే ఆటగా చూచుచుండును. కాని తుదినాటి సంభావన మాత్రము ఆ కరణమో, ఆ షావుకారో ఇయ్యవలసినదే. తాను ఎవరిని అనుకరించెనో వారి గడపయందే చేయి చాచవలెను. కనుక వాని నాలుకకు ఆ సంభావనయే కళ్లెము. ఎంత దూరము పోవచ్చునో, ఎచ్చట ఆగవలెనో వానికి కడుపే నేర్పెను.

కళ్లెము త్రెంచుకొనిన సందర్భములును లేకపోలేదు. మాచుపల్లె కైఫీయతులో ఒక వృత్తాంతము వ్రాయబడియున్నది. సిద్ధవటము సీమను ఏలుచుండిన సమ్మెట గురవరాజు పన్నుల సొమ్ము రాబట్టుటకై స్త్రీలను హింసించుచుండెను. కూచిపూడి భాగవతులు ఆ ఘోరమును కన్నులార చూచిరి. పిదప వారు విజయనగరమునకు పోయి, వీరనరసింహరాయల సముఖమున ఆడుచు, ఒకడు గురవరాజు వేషమును, కొందరు బంటుల వేషమును, ఒకడు హింసింపబడు స్త్రీ వేషమును ధరించి, చూచినదానిని చూచినట్లు ప్రదర్శించిరి. రాయలు ఇదేమని విచారించి, నిజము తెలిసికొని, సైన్యమును పంపి గురవరాజును శిక్షించెను.

కైఫీయతులను కాలిన్ మెకంజీ దొరగారి ఉద్యోగులు 19వ శతాబ్ది ఆరంభమున సేకరించిరి. సంఘటనయో 16వ శతాబ్ది ఆరంభమునాటిది. మూడువందల ఏండ్లపాటు నోటినుండి నోటికి, కవిలెనుండి కవిలెకు వచ్చిన కథలో ఎంత కల్పన చేరినదో ఎవరు చెప్పగలరు? అయినను జనము దానిని మరువక నిలుపుకొనుటయే ఒక సాక్ష్యము. పిటీషను వ్రాయలేనివాడు వేషము వేసి చెప్పగలడనియు, సభలో నోరెత్తరాని మాట ఆటలో చెల్లుననియు మనవారు నమ్మిరి. అది నవ్వుల ఆట కాదు గాని, చూచినదానిని అనుకరించి చూపుటయే దాని బలము. ఆనాడు ఆటగాండ్రకు రక్షణ యెక్కడిది? గురవరాజు కంటె పెద్దవాడొకడు ఎదుట కూర్చుండియుండెను. అచ్చటను అందరును మొదట ఒక ముఖమువంకనే చూచియుందురు.

రాజు అండ లేనిచోట తోలుబొమ్మ అండ దొరకినది. మన తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధము మంచి పట్టుమీద ఉండగా, కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు నడుమ దూకుదురు. పురాణపాత్రలు గ్రంథపు భాష పలుకగా వీరు ఊరిభాష పలుకుదురు. ఆ సంవత్సరపు కరవును, ఆ ఊరి తగవును ప్రస్తావింతురు. ఎవరికైనను కోపము వచ్చినచో తెరవెనుకనున్న వాడు “అన్నది కేతిగాడు గదా” అని తప్పించుకొనవచ్చును. తోలు ముక్కమీద అభియోగము తెచ్చు మునసబు ఎవడు?

మలయాళదేశమున చాక్యారుకు ఇంతకంటె గొప్ప స్వేచ్ఛ లభించినది. దేవాలయపు కూత్తంబలములో చాక్యారు ఒక్కడే నిలిచి పురాణకథ చెప్పుచు, ఎదుట కూర్చుండిన వారిని ఎవరినైనను, రాజునైనను సరే, కథలోనికి లాగి ఎత్తిపొడువవచ్చును. విన్నవాడు మారు పలుకరాదు. 18వ శతాబ్ది కవి కుంచన్ నంబియారు మిళావును వాయించుచు కునుకుపాటు పడగా, చాక్యారు ఆయనను సభలో ఎగతాళి చేసెననియు, ఆ పట్టుదలతో మరునాడే నంబియారు తుళ్ళల్ అను క్రొత్త ఆటను పుట్టించెననియు అచ్చటివారు చెప్పుకొందురు. మన పగటివేషధారికి అట్టి గుడి రక్షణ లేదు. వాని రంగస్థలము వీధి. వీధిలో ఎవరి బలము వారిదే.

ఇప్పుడు మన మిరప నేలలకే మరలి వత్తము. గుంటూరు ప్రాంతము హాస్యగానికి ఒక గట్టి ఆసనము వేసినది. అది బుర్రకథ. నడుమ కథకుడు తంబురతో నిలుచును. ఇరువైపుల గుమ్మెటలు వాయించు వంతలు ఇద్దరు. ఒకడు రాజకీయము చెప్పును, రెండవవాడు హాస్యము. కథ పలనాటిదైనను బొబ్బిలిదైనను, హాస్యపు వంత దానిని ఆపి, నేటి బజారులోని మాట అడుగును. రాజకీయపు వంత దానిని అందుకొని లోకము పోకడకు ముడిపెట్టును. జంగములు భిక్షకై చెప్పుకొనిన పాతకథారూపము 1940 ప్రాంతముల ప్రజానాట్యమండలివారి చేతిలో సభలను కదలించు సాధనమైనది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజరు (1920–1997) దానికి ప్రాణము పోసెను. 1954లో వచ్చిన అగ్గిరాముడు చిత్రములో ఆయన చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఊరూర మారుమ్రోగినది. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది.

ఇందు గమనింపదగిన మార్పు ఒకటి కలదు. పగటివేషధారికి సంభావన ఇచ్చువాడు షావుకారు. సభలో బుర్రకథ చెప్పువానికి ఆదరువు నేలమీద కూర్చుండిన వేలకొలది జనము. ముఖము మారినది. హాస్యపు వంత మాటకు నవ్వవలెనా వలదా అని జనము ఇంక పెత్తందారు వంక చూడ పనిలేకపోయినది. ప్రక్కవాని వంక చూచి నవ్వసాగిరి. ఆ నవ్వును ప్రభుత్వములు గుర్తించినవి. మద్రాసు ప్రభుత్వమును, నిజాము ప్రభుత్వమును బుర్రకథను నిషేధించిన సందర్భములున్నవి. గుమ్మెటకు, నవ్వునకు ఆజ్ఞాపత్రముతో అడ్డు చెప్పవలసి వచ్చుటకంటె ఆ కళకు వేరు బిరుదు కావలెనా?

ఒంటరిగా నిలుచుటలో హరిదాసును మించినవాడు లేడు. కాళ్లకు గజ్జెలు, చేత చిరతలు, ఎదుట ఊరంతయు. హరికథాపితామహుడని కీర్తింపబడిన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) ఆ విద్యకు శిఖరము. హరికథలో నడుమనడుమ వచ్చు పిట్టకథలు వినవలసినవి. ధ్రువుని తపస్సునుండి ఒక్క అడుగులో మన వీధిలోని ఇంటికి దాసు దిగివచ్చును. ప్రసాదమునకు తోసికొను భక్తుడు, కథ నడుమ కునుకు తీయు ధర్మకర్త, చుట్టమునకు పెట్టక తప్పని భోజనమును తలచి నిట్టూర్చు ఇల్లాలు అందరును అందు కనబడుదురు. పిదప వరంగల్లు వాసి నేరెళ్ళ వేణుమాధవ్‌గారు (1932–2018) పురాణమును సైతము విడిచి, కంఠమొక్కటే పెట్టుబడిగా సభలను రంజింపజేసిరి. ధ్వన్యనుకరణమునకు 2001లో పద్మశ్రీ గౌరవము దక్కించినవారు వారే.

అయితే ఈ విద్యను పొగడుటతో సరిపెట్టిన చరిత్ర అర్ధచరిత్ర యగును. పరిహాసము ఎప్పుడును పైవానిమీదనే పోలేదు. పగటివేషములలో ఎరుకలవారి యాస, దాసరి బిచ్చము, ఫకీరు తెలుగు, ముసలిదాని నడుము, ఇవియును నవ్వులపాలైనవి. సోమయాజులను వెక్కిరించిన నోటనే వారికంటె నిరుపేదలను వెక్కిరించుట జరిగినది. సంభావన పెద్ద ఇండ్లనుండి వచ్చుచుండగా, ఎగతాళి చిన్న ఇండ్లవైపు జారుట సులభము. నవ్వినవారిలో ఎందరు నిజముగా నవ్విరో, ఎందరు నవ్వక తప్పక నవ్విరో ఏ కైఫీయతును వ్రాయలేదు.

ఇచ్చటనే పిట్టలదొర తెలివి మాకు కనబడుచున్నది. తెలంగాణమున తుపాకి రాముడని పిలువబడు ఈ వేషమును తరతరములుగా కట్టువారిలో బుడగజంగములు ముఖ్యులు. సంఘములో అట్టడుగున నిలిచినవాడు ఎవరిని ఎగతాళి చేయగలడు? పైవానిని అన్నచో దెబ్బలు. తనకంటె క్రిందివాడు లేనేలేడు. అందుచేత వాడు దొర టోపిని తన నెత్తినే పెట్టుకొనెను. కోతలు కోయువాడు తానే, లేని మేడలు కట్టువాడు తానే, నవ్వులపాలగువాడు తానే. కాని ఆ నడక ఎవరిది? ఆ గద్దింపు ఎవరిది? ఖాకీ తొడిగిన ప్రతి అధికారియు, చేయని పనిని చేసితినని చెప్పు ప్రతి పెద్దమనిషియు ఆ చినిగిన కోటులో ఉన్నారు. తనను తాను వెక్కిరించుకొనువానిని శిక్షించు చట్టము ఏ ఊరిలోను లేదు.

పాశ్చాత్యదేశములలో ఈ రక్షణలు లేకయే మైకు ముందు నిలిచి, తన పేరుతో, తన మాటగా చెప్పు పద్ధతి బలపడినది. అందులకు మూల్యమును చెల్లించినవారు లేకపోలేదు. అమెరికాలో లెన్నీ బ్రూస్ అను హాస్యగానిని అసభ్యముగా మాటలాడినాడని పలుమార్లు నిర్బంధించిరి. 1964లో న్యూయార్కు న్యాయస్థానము ఆయనకు శిక్ష విధించినది. 1966లో ఆయన మరణించెను. 2003లో ఆ రాష్ట్ర గవర్నరు ఆయనకు క్షమాపణ ప్రకటించెను. చనిపోయిన ముప్పదియేడేండ్లకు! భరతపుత్రుల శాపము సంస్కృతమునకు మాత్రమే పరిమితము కాదన్నమాట.

నేటి మన యువ హాస్యకారులు వేషము లేక, తోలుబొమ్మ లేక, పురాణము లేక నిలుచుచున్నారు. ఇల్లు, బస్సు, పెండ్లి, ఉద్యోగము, తల్లిదండ్రుల మందలింపు వారికి వస్తువులు. వారి ధైర్యమును మెచ్చుకొనవలెను. కాని వారి మాటను నేడు ఫోనులో పట్టి, ముందు వెనుకలు కత్తిరించి, ఎచ్చటికో పంపుచున్నారు. ఆ సభలో లేనివాడు, ఆ నవ్వు వినని వాడు, మాటను మాత్రము విని కోపించును. ఎదుట నిలిచి వినుటకును, దూరమునుండి వినుటకును గల భేదము ఇదియే.

ఈ భేదము రేడియో గల ఇండ్లవారికి తెలియనిది కాదు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన పిదప హరికథ, బుర్రకథ మన ఇంటి నడుమకే వచ్చినవి. వంట చేసికొనుచు, ప్రత్తి ఏరుకొనుచు ఎందరో నాజరును వినిరి. అది చిన్న మేలు కాదు. గుడి ముందునకు, సభలోనికి రానీయబడని వారు కూడ ఆ కథను ఒక్క విధముగా వినగలిగిరి. కాని రేడియోలోని హాస్యగాడు మనలను చూడలేడు. మనము నవ్వితిమో లేదో వానికి తెలియదు. ఎదుట నిలిచినవాడు మన ముఖము చూచి మాట మార్చును, ఆపును, పెంచును. అతడు చెప్పునది సగము, మన ముఖములమీద చదువుకొనునది సగము.

చీమకుర్తి బజారులో మేము చూచినది ఆ రెండవ సగమును. ఆట ముగిసిన పిదప పిట్టలదొర టోపి తీసి చుట్టు త్రిప్పెను. చిల్లర పడినది. తెల్లబట్టల పెద్దమనిషి ఒక నోటు వేసి, “చుక్కల మాట బాగుందిరా” అని, ఒక అడుగు వేసి మరల ఆగి, “ఆ మాట ఎక్కడ విన్నావు?” అని అడిగిరి.

“ఎక్కడా వినలేదు బాబయ్యా. పొద్దున్నించీ టీకొట్టు కాడ కూర్చున్నా. చూశానంతే.”

పెద్దమనిషి ఏమియు అనలేదు. గుంపులో వెనుక, తలకు తుండు చుట్టుకొని, కనురెప్పలమీద రాతిపొడి తెల్లగా పేరుకొనిన పనివాడొకడు నిలిచియుండెను. అందరును వెడలిన తరువాత అతడు దగ్గరకు వచ్చి, జేబు తడుముకొని, ఒక నాణెము టోపిలో వేసి, నవ్వక, మాటలాడక, పిట్టలదొర భుజము తట్టి పోయెను. మాకు ఆ నోటు కంటె ఈ నాణెము బరువైనదిగా తోచినది.

కావున మా మనవి ఇంతే. అట్టివాడు మీ వీధికి వచ్చినప్పుడు కిటికీలోనుండి చిల్లర విసరి పంపివేయకుడు. బయటకు వచ్చి ఎదుట నిలువుడు. వాడు చెప్పు మాటకు నవ్వుడు. నవ్వుటకు ముందు మీ కన్నులు ఎవరి ముఖమువంక పోయినవో ఒక్కమారు గమనించుకొనుడు. ఊరి చరిత్ర పుస్తకములలో దొరకని పుట ఒకటి అచ్చట దొరకును.